రెండో ప్రసారంలో గెలిచిన కథలు

1968 సెప్టెంబరులో అమెరికా టీవీ సంస్థ ఎన్‌బీసీ ‘స్టార్ ట్రెక్’ మూడో సీజన్‌ను శుక్రవారం రాత్రి 10 గంటలకు పెట్టింది. అంతకుముందు సోమవారం ఏడున్నరకు వేస్తామని మాటిచ్చి, వెనక్కి తీసుకుంది. ఆ సీరియల్‌ను ప్రాణంగా చూసేది కాలేజీ విద్యార్థులు, హైస్కూలు పిల్లలు, అప్పుడప్పుడే ఉద్యోగాల్లో చేరినవాళ్లు. శుక్రవారం రాత్రి పదింటికి కుర్రకారు ఇంట్లో ఉండదు, పిల్లలు నిద్రపోతుంటారు. సృష్టికర్త జీన్ రాడెన్‌బెర్రీ ఆ వేళ సంగతి తెలిశాక రోజువారీ నిర్మాణ బాధ్యతల నుంచి తప్పుకున్నాడు. బడ్జెట్ కోశారు. 1969 జూన్ 3న ఆఖరి ఎపిసోడ్ వేసి, 79 ఎపిసోడ్ల దగ్గర మూట కట్టేశారు.

ఆ మూటను కొనుక్కున్నవాళ్లలో కైజర్ బ్రాడ్‌కాస్టింగ్ అనే సంస్థ ఒకటి. ఫిలడెల్ఫియా, బోస్టన్, డెట్రాయిట్, క్లీవ్‌లాండ్, శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి నగరాల్లో దానికి సొంత స్టేషన్లున్నాయి. పెద్ద సంస్థల స్టేషన్లన్నీ సాయంత్రం ఆరింటికి వార్తలు చదువుతాయి, కుర్రకారుకు వార్తలు పట్టవు అన్నది కైజర్ వాళ్ల లెక్క. అందుకని వార్తలకు పోటీగా ఆరింటికి, వారానికి ఐదు రోజులూ ‘స్టార్ ట్రెక్’ వేశారు. అవే ఎపిసోడ్లు, అదే అట్టముక్కల అంతరిక్ష నౌక. మారింది వేళ ఒక్కటే. 1972 జనవరిలో న్యూయార్క్‌లో అభిమానులు సభ పెట్టుకుంటే, కొన్ని వందల మంది వస్తారనుకున్న చోటికి 3000 మందికి పైగా వచ్చారు. 1976లో మొదటి స్పేస్ షటిల్‌కు ఆ సీరియల్‌లోని నౌక పేరు ‘ఎంటర్‌ప్రైజ్’ పెట్టారంటే, అభిమానులు అధ్యక్షుడు ఫోర్డ్‌కు రాసిన ఉత్తరాలే కారణం. అప్పటికి ఆ సీరియల్ ఆగిపోయి ఏడేళ్లు.

టీవీ సైన్స్ ఫిక్షన్ గురించి రాసేటప్పుడు మనం కథలు, పాత్రలు, గ్రాఫిక్స్, జోస్యాల గురించి రాస్తాం. ఏ రోజు ఏ వేళకు వేశారు, ఎవరికి అమ్మారు, మళ్లీ ఎన్నిసార్లు వేశారు అన్న సంగతులు లెక్కలు రాసుకునేవాళ్ల గొడవ అని వదిలేస్తాం. అరవై ఏళ్ల చరిత్రను వరసగా చూస్తే నాకు కనిపించేది వేరు. ఈ ప్రక్రియకు ప్రేక్షకులను తయారుచేసింది రెండో ప్రసారం. మొదటి ప్రసారంలో చతికిలబడి, మళ్లీ మళ్లీ వేయడం వల్ల నిలదొక్కుకున్నవి ఇందులో ఉన్నన్ని ఇంకే రకం సీరియళ్లలోనూ లేవు. అమెరికా ఒక్కచోటే కాదు, జపాన్‌లోనూ బ్రిటన్‌లోనూ ఇదే జరిగింది.

ముందు ఆ వ్యాపారం ఎలా నడిచేదో చూడాలి. అమెరికాలో ఎన్‌బీసీ, సీబీఎస్, ఏబీసీ అనే మూడు నెట్‌వర్కులు కార్యక్రమాలు సరఫరా చేసేవి. వాటిని ఇళ్లకు చేర్చేది ఊరూరా ఉండే స్టేషన్లు. స్టేషన్లలో చాలా వాటికి ఏదో ఒక నెట్‌వర్కుతో ఒప్పందం ఉండేది, కొన్ని స్వతంత్రంగా నడిచేవి. సీరియల్ తీసే స్టూడియోకు నెట్‌వర్క్ ఇచ్చే సొమ్ము ఖర్చుకు చాలేది కాదు. స్టూడియో ప్రతి ఎపిసోడ్‌కూ చేతి డబ్బు పెట్టుకుని, నెట్‌వర్క్ వేయడం అయిపోయాక ఆ ఎపిసోడ్లను ఊరూరి స్టేషన్లకు విడివిడిగా అమ్మి నష్టం పూడ్చుకునేది. ఈ పునర్విక్రయాన్నే సిండికేషన్ అంటారు. కొన్న స్టేషన్ వాటిని మన డైలీ సీరియళ్ల పద్ధతిలో సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒకే వేళకు వేస్తుంది. అలా వేయాలంటే సరుకు దండిగా కావాలి. వంద ఎపిసోడ్లు ఉంటే మంచి బేరం అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే. 1970లో అక్కడి ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, నెట్‌వర్కులు తాము ప్రసారం చేసే సీరియళ్ల పునర్విక్రయంలో వాటా తీసుకోకుండా నిబంధన పెట్టింది. దాంతో రెండో బేరం లాభమంతా స్టూడియోలకు దక్కింది. తర్వాతి పాతికేళ్ల కథకు ఈ నిబంధన పునాది.

‘స్టార్ ట్రెక్’కు వంద ఎపిసోడ్లు లేవు. ఉన్నవి 79. రోజుకొకటి చొప్పున వారానికి ఐదు వేస్తే 16 వారాల్లో అయిపోతాయి, మళ్లీ మొదటికొస్తాయి. అంటే బడి నుంచి వచ్చి టీవీ ముందు కూర్చున్న పిల్లవాడికి ఏడాదిలో ప్రతి ఎపిసోడూ మూడుసార్లు కనిపిస్తుంది. ప్రేమకథకో డిటెక్టివ్ కథకో ఇన్నిసార్లు అక్కర్లేదు, ఒకసారి చూస్తే అర్థమైపోతుంది. సైన్స్ ఫిక్షన్‌కు మాత్రం ఈ వల్లెవేయింపు వరమైంది. వల్కన్ల తర్కం ఏమిటి, క్లింగాన్లతో తగవేమిటి, వార్ప్ వేగమంటే ఎంత, ఓడలో ఇంజినీరు పనేమిటి అన్న సంగతులు పట్టుబడితే తప్ప ఈ లోకం మనదనిపించదు. వారానికి ఒకసారి, అదీ నడిరేయికి దగ్గర పడ్డాక వేస్తే ఆ చనువు రాదు. రోజూ ఆరింటికి వేస్తే నెల తిరిగేసరికి వస్తుంది. ఆ పిల్లలే పెరిగి పెద్దయ్యాక సభలకు వెళ్లారు, సొంత పత్రికలు అచ్చువేసుకున్నారు, కొందరు ఇంజినీర్లయ్యారు.

ఈ మేలుకు ఒక ఖరీదు ఉంది. నెట్‌వర్క్ వేసినప్పుడు ఒక్కో ఎపిసోడ్ దాదాపు 50 నిమిషాలు ఉండేది. స్థానిక స్టేషన్లకు యాడ్లకు ఇంకా చోటు కావాలి. అందుకని నాలుగైదు నిమిషాలు కత్తిరించేవాళ్లు. కత్తెర పడేది ఎప్పుడూ పోరాటాల మీద కాదు. ఓడలో నడవల వెంట సాగే కబుర్లు, కెప్టెనూ డాక్టరూ ఒకరినొకరు ఆటపట్టించుకునే చివరి ముచ్చట్లు, కథ నడకకు అవసరం లేదనిపించే నాలుగు మాటలు పోయేవి. ఒక తరం అమెరికన్లు ఆ సీరియల్‌ను కత్తిరించిన రూపంలోనే ప్రేమించారు. 1998లో సై-ఫై చానల్ పూర్తి నిడివితో, గంటన్నర స్లాటులో వేసినప్పుడు వాళ్లలో చాలామంది కొన్ని సన్నివేశాలను మొదటిసారి చూశారు.

నటులకు జరిగిన అన్యాయం దీనికంటే పెద్దది. ఆ రోజుల ఒప్పందాల ప్రకారం కొన్ని రిపీట్ల వరకే నటులకు ప్రతిఫలం అందేది. ఆ గడువు దాటాక సీరియల్ రోజూ నడిచింది, స్టూడియో ఏళ్ల తరబడి సంపాదించింది. తెర మీద కనిపించినవాళ్లకు మాత్రం ఆ ప్రసారాల నుంచి పైసా రాలేదు. ఈ తగవు ఇప్పటికీ చల్లారలేదు. 2023లో హాలీవుడ్ రచయితలు 148 రోజులు సమ్మె చేస్తే, ఓటీటీల్లో రెండో ప్రసారపు ప్రతిఫలం ముఖ్యమైన డిమాండ్లలో ఒకటి. కాబట్టి నేను ఈ వ్యాసంలో రిపీట్లను పొగిడే ప్రతిచోటా ఆ డబ్బు ఎవరి జేబులోకి వెళ్లిందన్న ప్రశ్న వెన్నంటే ఉంటుంది.

జపాన్ ఉదాహరణలు నాకు ఇంకా బలంగా అనిపిస్తాయి. అక్కడ వ్యాపార పద్ధతి వేరు, ప్రేక్షకులు వేరు, జరిగింది మాత్రం అదే. ‘స్పేస్ బ్యాటిల్‌షిప్ యమాటో’ అనే యానిమేషన్ సీరియల్ 1974 అక్టోబరులో ఆదివారం సాయంత్రం ఏడున్నరకు మొదలైంది. అదే వేళకు ఇంకో చానల్లో ‘హైడీ’ నడుస్తోంది. ఆల్ప్స్ కొండల్లో తాతతో ఉండే చిన్నారి కథ అది, ఇంటిల్లిపాదీ చూసేది. ఆ పోటీకి ‘యమాటో’ ఆగలేకపోయింది. 39 ఎపిసోడ్లు అనుకున్నది 26కే ముగించారు. తర్వాత స్థానిక స్టేషన్లు తిరిగి వేసినప్పుడు ‘హైడీ’ అడ్డం లేదు. కుర్రకారు విరగబడి చూశారు. 1977లో ఆ ఎపిసోడ్లనే కుదించి సినిమాగా విడుదల చేస్తే థియేటర్ల ముందు బారులు తీరారు. రెండేళ్లు తిరక్కుండా ఇదే మళ్లీ జరిగింది. 1979 ఏప్రిల్‌లో నగోయా టీవీ ‘మొబైల్ సూట్ గండమ్’ను శనివారం సాయంత్రం ఐదున్నరకు, బొమ్మలు కొనే చిన్నపిల్లల కోసం పెట్టింది. కథేమో యుద్ధంలో నలిగిపోయే కుర్రాళ్లది, పెద్దపిల్లలకు తగినది. బొమ్మలు అమ్ముడుపోలేదు. 52 ఎపిసోడ్ల ప్రణాళికను 43కు కుదించి 1980 జనవరిలో ఆపేశారు. రిపీట్లు మొదలయ్యాక అసలు ప్రేక్షకులు దొరికారు. ఆ ఏడాదే బందాయ్ సంస్థ గండమ్ ప్లాస్టిక్ నమూనాలు తెస్తే దుకాణాల్లో నిలవలేదు. 1981లో సినిమాలొచ్చాయి. నలభై ఏళ్లు దాటినా ఆ పేరు మీద వ్యాపారం సాగుతూనే ఉంది.

మూడు సీరియళ్లు, రెండు దేశాలు. మూడింటినీ సగంలో నరికారు, మూడూ రిపీట్లలో లేచి నిలబడ్డాయి. దీన్ని యాదృచ్ఛికం అనలేం. ఏ వేళ ఎవరు టీవీ ముందుంటారో అంచనా వేయడంలో ప్రసార సంస్థలు ఈ ప్రక్రియ విషయంలో పదేపదే పొరబడ్డాయి. రోబోలూ రాకెట్లూ కనిపించగానే చిన్నపిల్లల సరుకు అనుకోవడం ఆ పొరబాటుకు మూలం.

బ్రిటన్‌లో బీబీసీ దారి వేరు. అక్కడ యాడ్లు లేవు, స్థానిక స్టేషన్లకు అమ్మే పద్ధతి లేదు. ‘డాక్టర్ హూ’ 1963 నవంబరు 23న, శనివారం సాయంత్రం ఐదుంబావుకు మొదలైంది. ముందురోజే కెన్నెడీ హత్య జరిగింది. దేశమంతా ఆ వార్తలోనే ఉంది. అందుకని వారం తర్వాత రెండో ఎపిసోడ్‌కు ముందు మొదటిదాన్ని మళ్లీ వేశారు. ఆ సీరియల్ కూడా మళ్లీ వేయడంతోనే జనంలోకి వెళ్లిందని నేను ఇష్టంగా గుర్తుచేసుకుంటాను. ఆటల కార్యక్రమానికీ రాత్రి వినోదానికీ మధ్య ఇంటిల్లిపాదీ టీవీ ముందుండే శనివారం సాయంత్రం దాని సొంత చోటైంది. దాదాపు ఇరవై ఏళ్లపాటు ఆ చోటే దాని బలం. 1982లో దాన్ని వారం మధ్యకు మార్చారు. ఆ దశాబ్దం చివరికి పోటీ చానల్ ఐటీవీలో ఎవరూ ఓడించలేని ‘కరొనేషన్ స్ట్రీట్’కు ఎదురుగా పెట్టి, ప్రేక్షకులు తగ్గిపోయారన్నారు. 1989లో నిలిపేశారు. 2005 మార్చి 26న తిరిగి వచ్చింది మళ్లీ శనివారం సాయంత్రమే.

‘డాక్టర్ హూ’ పునర్విక్రయం కథలో ఒక విషాదం ఉంది. రిపీట్ల మీద నటుల సంఘంతో ఒప్పందాలు గట్టివి కావడంతో పాత ఎపిసోడ్లను దాచడంలో బీబీసీకి లాభం కనిపించలేదు. వీడియో టేపులు ఖరీదైనవి, చెరిపి తిరిగి వాడుకున్నారు. 1960ల ఎపిసోడ్లలో తొంభైకి పైగా అలా పోయాయి. మిగిలినవాటిలో చాలా భాగం మిగలడానికి కారణం విదేశాలకు అమ్మకాలు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, హాంకాంగ్, నైజీరియా, జాంబియా లాంటి చోట్ల ఉన్న స్టేషన్ల కోసం ఎపిసోడ్లను 16 ఎంఎం ఫిల్ములోకి ఎక్కించేవారు. ఒక దేశం వేసుకున్నాక ఆ డబ్బాలు ఇంకో దేశానికి వెళ్లేవి. మన పల్లెల్లో ఒకే ప్రింటును రెండు టాకీసులు పంచుకుని రీళ్లను సైకిల్ మీద పరిగెత్తించినట్టే, ఖండాలు దాటి. ఆఖరి స్టేషన్ వాటిని తిప్పి పంపాలి, లేదా నాశనం చేసి ఆ మాట రాసివ్వాలి. కొన్నిచోట్ల ఆ రెండూ జరగలేదు. నైజీరియాలోని జోస్ పట్టణంలో ఒక రిలే కేంద్రపు గదిలో దుమ్ము పట్టిన డబ్బాల్లో తొమ్మిది ఎపిసోడ్లు దొరికాయని 2013 అక్టోబరులో ప్రకటించారు. 1967-68లో ప్రసారమైన, పాట్రిక్ ట్రౌటన్ డాక్టర్‌గా నటించిన రెండు కథలవి. ‘ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్’ పూర్తయింది, ‘ది వెబ్ ఆఫ్ ఫియర్’లో మూడో భాగం ఇప్పటికీ లేదు. ఇంకో విచిత్రం, ఆస్ట్రేలియా సెన్సార్‌వాళ్లు పిల్లలు భయపడతారని కత్తిరించిన ముక్కలు 1996లో అక్కడి ప్రభుత్వ భాండాగారంలో బయటపడ్డాయి. కొన్ని ఎపిసోడ్లకు ఇప్పుడు మనకున్న కదిలే బొమ్మలు ఆ ముక్కలే. ఇంటివాళ్లు చెరిపేసినదాన్ని కొనుక్కున్నవాళ్లు కాపాడారు.

మళ్లీ అమెరికాకు వద్దాం. రిపీట్ల మీద ఇంత ప్రేమ పుట్టినప్పుడు, కొత్త సీరియల్‌నే నేరుగా స్టేషన్లకు అమ్మితే? ఈ పని మొదట గట్టిగా చేసినవాళ్లలో బ్రిటిష్ నిర్మాత లూ గ్రేడ్ ఒకడు. 1975లో ‘స్పేస్: 1999’ను మూడు నెట్‌వర్కులూ వద్దన్నాయి. ఆయన సంస్థ దాన్ని వందకు పైగా స్టేషన్లకు ఒక్కొక్కదానికే అమ్ముకుంది. 48 ఎపిసోడ్లతో ఆగింది గానీ దారి పడింది.

ఆ దారిని రహదారి చేసింది 1987లో ‘స్టార్ ట్రెక్’ స్టూడియో పారమౌంట్. ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ను నెట్‌వర్కులు అడిగాయి. ఎన్ని ఎపిసోడ్లు వేస్తారో, ఏ రోజు పెడతారో, ఎప్పుడు ఆపేస్తారో ఎవరూ గట్టి హామీ ఇవ్వలేదు. పాత గాయం గుర్తున్న స్టూడియో వస్తుమార్పిడికి దిగింది. ఎపిసోడ్‌ను స్టేషన్‌కు డబ్బు తీసుకోకుండా ఇస్తుంది. అందులో ఉండే 12 నిమిషాల యాడ్ల వ్యవధిలో 7 నిమిషాలు పారమౌంట్ దేశమంతటికీ అమ్ముకుంటుంది, 5 నిమిషాలు స్టేషన్ తన ఊళ్లో అమ్ముకుంటుంది. ఒక్కో ఎపిసోడ్‌కు సుమారు 13 లక్షల డాలర్లు ఖర్చు. ఏ నెట్‌వర్క్ పెద్దమనిషీ దాన్ని శుక్రవారం రాత్రికి నెట్టలేడు, నచ్చలేదని సగంలో ఆపలేడు. ఒక ఊళ్లో శనివారం సాయంత్రం వస్తే ఇంకో ఊళ్లో ఆదివారం వచ్చేది. స్టేషన్ మేనేజరుకు తన ఊరి సంగతి తెలుసు, తగిన వేళ అతనే చూసుకున్నాడు. కొన్ని స్టేషన్లు తమ నెట్‌వర్క్ కార్యక్రమాన్ని పక్కకు నెట్టి మరీ వేశాయి. మొదటి సీజన్ ఏమంత గొప్పగా లేదు. నెట్‌వర్క్ చేతిలో ఉంటే 13 ఎపిసోడ్లతో పోయేదని నా నమ్మకం. మూడో సీజన్‌కు అది కుదురుకుంది, 1994 దాకా 178 ఎపిసోడ్లు నడిచింది, ఆఖరి ఏడాది ఉత్తమ డ్రామా విభాగంలో ఎమ్మీ నామినేషన్ కూడా తెచ్చుకుంది. ఒక సీరియల్‌కు కుదురుకునే వ్యవధి ఇవ్వడం ఎంత విలువైనదో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఈ పద్ధతి కథ రూపాన్నీ శాసించింది. ఊరికో వేళ, మధ్యలో బేస్‌బాల్ వచ్చి వాయిదాలు, రిపీట్లలో వరస తప్పడం మామూలే కాబట్టి ప్రతి ఎపిసోడూ తనంతట తాను పూర్తి కావాలి. చివరి నిమిషానికి అన్నీ సర్దుకుని ఓడ బయల్దేరాలి. దీనికి ఎదురీదినవాళ్ల కథ ఆసక్తికరం. ‘స్టార్ ట్రెక్’ కుటుంబంలోని ‘డీప్ స్పేస్ నైన్’ 1993లో మొదలై, స్టూడియో వద్దంటున్నా మెల్లగా సాగే కథలోకి మళ్లింది. 1997లో ఆరో సీజన్‌ను ఆరు ఎపిసోడ్ల యుద్ధకథతో మొదలుపెట్టింది. అదే కాలంలో జె. మైకేల్ స్ట్రాజిన్‌స్కీ ‘బాబిలాన్ 5’ను ఐదేళ్ల నవలగా తలపెట్టాడు. 110 ఎపిసోడ్లలో 92 తానే రాశాడు. అది వార్నర్ బ్రదర్స్ స్టేషన్లతో కట్టిన ‘పీటెన్’ అనే తాత్కాలిక కూటమిలో నడిచింది. ఆ కూటమి కూలిపోతోందని తెలిసి, ఐదో ఏడాది దక్కదేమోనన్న భయంతో ఆయన పెద్ద కథలన్నీ నాలుగో సీజన్‌లోకి కుక్కాడు. ముగింపు ఎపిసోడ్ కూడా ముందే చిత్రీకరించేశాడు. ఇంతలో టీఎన్‌టీ అనే కేబుల్ చానల్ వచ్చి ఐదో సీజన్‌కు డబ్బు పెట్టింది. తీసి పెట్టుకున్న ముగింపును 1998 నవంబరు దాకా దాచారు. నాలుగో సీజన్ ఊపిరాడనంత వేగంగా, ఐదోది కాస్త వెలితిగా అనిపించడానికి కారణం రచయిత ప్రతిభలో లేదు, ప్రసార ఒప్పందాల్లో ఉంది. అమెరికా స్టేషన్లు సీజన్ చివరి ఎపిసోడ్లను వేసవి దాటేదాకా ఆపి ఉంచితే బ్రిటన్‌లో చానల్ 4 ముందే వేసేసిన సందర్భాలూ ఉన్నాయి.

1995 నాటికి ఈ రహదారి ఇరుకైంది. పునర్విక్రయ నిబంధన ఎత్తేశారు. అదే ఏడాది జనవరిలో యూపీఎన్, డబ్ల్యూబీ అనే కొత్త నెట్‌వర్కులు వచ్చి స్వతంత్ర స్టేషన్లను కలుపుకున్నాయి. ‘స్టార్ ట్రెక్: వోయేజర్’ యూపీఎన్ తొలి కార్యక్రమం. తర్వాత వచ్చిన ‘ఎంటర్‌ప్రైజ్’ను 2004లో శుక్రవారానికి మార్చారు, మరుసటి ఏడాది 98 ఎపిసోడ్లతో ఆపారు. సొంత కుటుంబంలోని చానళ్లకే అమ్ముకునే కాలం వచ్చింది. ‘ఎక్స్-ఫైల్స్’ రిపీట్లను ఫాక్స్ తన సోదర చానల్ ఎఫ్‌ఎక్స్‌కు, అనుబంధ స్టేషన్లకు తక్కువ ధరకు అమ్మి తన వాటా తగ్గించిందని నటుడు డేవిడ్ డుకోవ్నీ 1999లో దావా వేశాడు. మరుసటి ఏడాది రాజీ కుదిరింది.

శుక్రవారం రాత్రి ఒక్కటే అన్నిటికీ శాపం అనుకుంటే పొరబాటు. ‘ఎక్స్-ఫైల్స్’ 1993లో మొదలైందే శుక్రవారం తొమ్మిదింటికి. మూడేళ్లు అక్కడే పెరిగి, 1996లో ఆదివారానికి వెళ్లింది. ఫాక్స్ అప్పటికి చిన్న నెట్‌వర్క్, ఓపిక పట్టింది. అదే ఫాక్స్ 2002లో ‘ఫైర్‌ఫ్లై’ విషయంలో ఆ ఓపిక చూపలేదు. కథాలోకాన్నీ ఓడలోని తొమ్మిది మందినీ పరిచయం చేసే రెండు గంటల తొలి ఎపిసోడ్‌ను పక్కనపెట్టి, రైలు దోపిడీ ఎపిసోడ్‌తో సెప్టెంబరు 20న మొదలుపెట్టింది. మధ్యలో బేస్‌బాల్ కోసం వాయిదాలు వేసింది. పరిచయం చేయాల్సిన ఎపిసోడ్‌ను డిసెంబరు 20న, ఆపేసే ముందు వేసింది. తీసిన 14లో ప్రసారమైనవి 11. ఇంత గజిబిజిగా వేసి, జనానికి అర్థం కాలేదని తీర్పు చెప్పడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. 2003 డిసెంబరులో డీవీడీగా సరైన వరసలో వచ్చాక ఎంత బాగా అమ్ముడైందంటే, 2005లో యూనివర్సల్ ‘సెరెనిటీ’ సినిమా తీసింది. 2011లో ఫాక్స్ ‘ఫ్రింజ్’ను శుక్రవారానికి మార్చినప్పుడు మాత్రం కథ మారింది. ప్రేక్షకులు పలచబడినా, 2013 జనవరి దాకా నడిపి సరిగ్గా 100 ఎపిసోడ్లకు చేర్చారు. వందకు చేరితే పునర్విక్రయం బేరం పలుకుతుందన్న పాత లెక్క ఈసారి కథకు మేలు చేసింది.

1992లో మొదలైన సై-ఫై చానల్ ఈ ప్రక్రియకు సొంత ఇల్లు అయింది. ‘స్టార్‌గేట్ ఎస్‌జీ-1’ 1997లో చందా చానల్ షోటైమ్‌లో పుట్టి, స్టేషన్లలో రిపీట్లుగా తిరిగి, 2002లో సై-ఫైకి చేరి, పది సీజన్లు, 214 ఎపిసోడ్లు బతికింది. ఒకే సీరియల్ మూడు రకాల ప్రసారాలనూ వాడుకుని నిలిచిన ఉదాహరణ ఇది. ‘ఫ్యూచరామా’ ఇంకో రకం. ఫాక్స్ దాన్ని ఆదివారం సాయంత్రం ఫుట్‌బాల్ ఆలస్యమైతే ఎగిరిపోయే వేళకు పెట్టి, 72 ఎపిసోడ్ల తర్వాత వదిలేసింది. అడల్ట్ స్విమ్ అర్ధరాత్రి రిపీట్లు చూసినవాళ్ల వల్ల, డీవీడీలు కొన్నవాళ్ల వల్ల అది కామెడీ సెంట్రల్‌లోనూ, 2023లో హులులోనూ మళ్లీ పుట్టింది.

మన దేశం సంగతి వస్తే, దూరదర్శన్ 1980లలో ఆదివారం పూట పాత ‘స్టార్ ట్రెక్’ వేసింది. ‘స్పేస్ సిటీ సిగ్మా’, ‘ఇంద్రధనుష్’ లాంటి సొంత ప్రయత్నాలు జరిగాయి. 1998లో మిలింద్ సోమన్‌తో ‘కెప్టెన్ వ్యోమ్’ వచ్చింది. వీటికి చోటు దొరికింది, రెండో బతుకు దొరకలేదు. కొనేవాడు దూరదర్శన్ ఒక్కడే, ఊరూరా స్టేషన్లు కొనుక్కుని రోజూ వేసే సంత లేదు. శాటిలైట్ చానళ్లు వచ్చాక ఆ వేళలన్నీ కుటుంబ సీరియళ్లకు పోయాయి. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ తిరిగి వేసిన ‘రామాయణ్’కు దేశం ఎలా కదిలిందో చూశాం. రిపీట్‌కు ఇక్కడా అంత బలం ఉంది, సైన్స్ ఫిక్షన్‌కు మాత్రం ఎవరూ వాడలేదు. తెలుగువాళ్లకు ఈ ప్రక్రియతో చనువు కలిగిందంటే సీరియళ్ల వల్ల కాదు, సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ను టీవీలో పండగలకూ పబ్బాలకూ మళ్లీ మళ్లీ చూడడం వల్లనే అని నా అభిప్రాయం. మూడుసార్లు చూశాకే కాలయంత్రం మన ఇంటి సామానైంది.

ఇప్పుడు ఓటీటీ కాలం. వేళ అన్నది లేదు కాబట్టి వేళ వల్ల చచ్చే ప్రమాదం పోయిందని మొదట్లో అందరం సంతోషించాం. ‘ది ఎక్స్‌పాన్స్’ ఆ సంతోషానికి మంచి ఆధారం. అమెరికాలో సై-ఫై చానల్‌కు దాని తొలి టీవీ ప్రసార హక్కు మాత్రమే ఉండేది. ప్రసార వేళకే చూసేవాళ్లను తప్ప మిగతావాళ్లను లెక్కలోకి తీసుకోలేక 2018 మేలో వదిలేసింది. అభిమానులు విమానానికి బ్యానర్ కట్టి అమెజాన్ స్టూడియో మీదుగా ఎగరేశారు. అదే నెలలో అమెజాన్ తీసుకుంది, ఇంకో మూడు సీజన్లు వచ్చాయి. 1968లో ‘స్టార్ ట్రెక్’ను ఆపొద్దంటూ కాల్టెక్ విద్యార్థులు కాగడాలతో ఎన్‌బీసీ కార్యాలయానికి ఊరేగింపు వెళ్లారు, 2018లో విమానం వెళ్లింది. అడగడం అదే.

కానీ వేళ పోవడంతో రెండో ప్రసారం కూడా పోయింది. 2022 డిసెంబరులో హెచ్‌బీఓ మ్యాక్స్ నుంచి ‘వెస్ట్‌వరల్డ్’ను తీసేశారు. 2023 జూన్‌లో పారమౌంట్ ప్లస్ తన సొంత ‘స్టార్ ట్రెక్: ప్రాడిజీ’ని, రెండో సీజన్ తయారవుతుండగానే, మొదటిదాన్ని కూడా కలిపి తొలగించింది. నెట్‌ఫ్లిక్స్ కొనడంతో 2024లో మిగతాది బయటికొచ్చింది. ఎప్పుడంటే అప్పుడు చూడొచ్చన్న మాటకు ఉన్న విలువ ఇదీ. జాబితాలో ఎక్కడో ఉండడానికీ రోజూ ఆరింటికి ఎదురుగా వచ్చి నిలబడడానికీ చాలా తేడా ఉంది. వెతుక్కునేవాడికి ఓటీటీ స్వర్గమే. వెతకాలని తెలియని పదేళ్ల పిల్లకు ఆ సీరియల్ ఉన్నట్టే తెలియదు. ఆల్గారిథం ఆమెకు చూపించేది ఆమె ఇదివరకు చూసినవాటి లాంటివే.

‘డాక్టర్ హూ’ కూడా 2024లో బ్రిటన్‌లో అర్ధరాత్రి బీబీసీ ఓటీటీ ఐప్లేయర్‌లో ముందు వచ్చి, సాయంత్రం టీవీలో తర్వాత వచ్చింది. అమెరికా ప్రేక్షకులకు డిస్నీ ప్లస్‌లో అదే క్షణాన అందాలని అలా చేశారు. శనివారం సాయంత్రం అందరూ కలిసి మొదటిసారి చూసే అలవాటుకు అది దెబ్బ అని నేననుకుంటాను. పిల్లలు లేచేసరికి పెద్దవాళ్లు ఫోన్లలో కథ చెప్పేసుకునేవారు.

ఈమధ్య ఒక ఆశ కనిపిస్తోంది. డబ్బు కట్టనక్కర్లేని, యాడ్లతో నడిచే ఇంటర్నెట్ చానళ్లు వచ్చాయి. ప్లూటో టీవీలో ‘స్టార్ ట్రెక్’ ఇరవైనాలుగు గంటలూ నడిచింది, పాత ‘డాక్టర్ హూ’ కూడా. తొలగించిన ‘వెస్ట్‌వరల్డ్’ 2023లో రోకు, ట్యూబీల్లో చేరింది. పెట్టగానే మధ్యలో ఏదో ఎపిసోడ్ నడుస్తుంటుంది, అక్కడి నుంచే చూడాలి. కైజర్ చేసిన పని ఇదే. అయితే ఆ చానళ్లకు సరుకు చాలదు. పాత ‘స్టార్ ట్రెక్’ 79 ఎపిసోడ్లు, రోజుకొకటి వేస్తే 16 వారాలు వచ్చాయి. ‘వెస్ట్‌వరల్డ్’ నాలుగు సీజన్లకు కలిపి 36 ఎపిసోడ్లు, ఏడు వారాలు దాటగానే అయిపోతాయి. పైగా ఏడో ఎపిసోడ్ నుంచి చూస్తే ఏమీ అర్థం కాదు. ఇప్పుడు సీజన్‌కు ఎనిమిది, పది ఎపిసోడ్లు తీసి, సీజన్‌కూ సీజన్‌కూ మధ్య రెండేళ్లు తీసుకుంటున్నారు. మధ్యలోంచి చూసినా పట్టుకునే కథలు, ఏడాదికి ఇరవై చొప్పున తీసే ఓపిక స్టూడియోలు మళ్లీ తెచ్చుకుంటేనే ఈ కొత్త చానళ్లలో ఆ పదేళ్ల పిల్లకు రోజూ చూడడానికి ఏదైనా ఉంటుంది.